మిగిలిన వెలుగు ఎవరిది?

కల్యాణనగరమున బసవేశ్వరుని మహామనె వాకిట రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చుట ఆయ్దక్కి మారయ్య కాయకము. ఆ బియ్యమును లక్కమ్మ వండి జంగమములకు దాసోహము చేయగా, మిగిలిన ప్రసాదమును దంపతులు స్వీకరించెడివారు. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ బియ్యమును మూటగట్టి తెచ్చెను. ఆతని నిష్ఠను లోకమునకు చాటుటకై బసవేశ్వరుడే ఆ దినమున గింజలను ఎక్కువగా చల్లించెనని పెద్దలు చెప్పుదురు. మూట చేతికి రాగానే లక్కమ్మకు బరువు తెలిసినది. ఇది కాయకమువలన వచ్చినది కాదనియు, ఆశ తెచ్చిన బియ్యమనియు మందలించి, ఎక్కువైన గింజలను ఎచ్చట ఏరెనో అచ్చటనే పోసి రమ్మని భర్తను పంపెను.

ఈ కథ వీరశైవ గృహములలో పిల్లలకు సైతము తెలిసినదే. అయితే దీనిని దురాశ కూడదను నీతికథగా చెప్పి ముగించుట పరిపాటియైనది. అంతమాత్రమే యైనచో లక్కమ్మ వివేకము సగమే తెలిసినట్లగును. మారయ్య దొంగిలింపలేదు. ఒకరి నోటిముందరి కూడు లాగికొనలేదు. గింజ నేలరాలినది, శ్రమ తనది, వినియోగము దాసోహమునకు. ఈ మూటిలో ఏ ఒక్కదానికిని వంక పెట్టుటకు వీలులేదు. ఆ దినమున గింజలు సులభముగ దొరకినవి గనుక మరికొన్ని ఏరెను, అంతియే. లక్కమ్మకు అభ్యంతరమైనది ఆ "గనుక" అను మాట. శ్రమ తగ్గి ఫలము పెరిగినపుడు, ఆ పెరిగిన భాగము ఎవరిదను ప్రశ్నను ఆమె తన గుడిసె గుమ్మమున భర్తను అడిగినది. ఎనిమిది వందల యేండ్లు దాటిన పిదప ఆ ప్రశ్నయే నేడు ఎల్‌ఈడీ దీపము విషయమున ప్రతి గృహమునకును, ప్రతి మఠమునకును వర్తించుచున్నది.

పూర్వపు గాజు బల్బులో టంగ్‌స్టన్ తీగను తెల్లబడునంతగా కాచి, ఆ వేడినుండి వెలుగును రాబట్టుదురు. అది తీసికొను విద్యుత్తులో నూటికి అయిదు మొదలు పది పాళ్లు మాత్రమే కంటికి కనబడు వెలుగగును. తక్కినదంతయు వేడియై పోవును. వెలుతురుకొరకు గదిలో కుంపటి పెట్టుకొనుట వంటిది ఈ పద్ధతి. ఎల్‌ఈడీలో కాలునది ఏదియు లేదు. అర్ధవాహక పదార్థపు పొరల సంధియందు ఎలక్ట్రానులు స్థానము మారునపుడు నేరుగా వెలుగు పుట్టును. ఎఱుపు, ఆకుపచ్చ వెలుగుల నిచ్చు ఎల్‌ఈడీలు ముందుగనే ఉన్నను, ప్రకాశవంతమైన నీలివెలుగు సాధ్యపడనందున తెల్లని దీపము చిరకాలము కుదరలేదు. జపానున జన్మించిన అకసాకి, అమానో, నకముర అను ముగ్గురు శాస్త్రజ్ఞులు దానిని సాధించిరి. అందులకై వారికి 2014లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. నీలి ఎల్‌ఈడీపై పసుపువెలుగు నిచ్చు పూత పూయగా రెండును కలిసి కంటికి తెలుపుగ తోచును. ఈ నీలిమ సంగతి గుర్తుంచుకొనదగినది. దాని ప్రసక్తి మరల రాగలదు.

60 వాట్ల పాతబల్బు ఇచ్చు వెలుగును ఇంచుమించుగ 9 వాట్ల ఎల్‌ఈడీ ఇచ్చును. దినమునకు అయిదు గంటలు వెలిగినచో ఏడాదికి పాతబల్బునకు సుమారు 110 యూనిట్లు, ఎల్‌ఈడీకి సుమారు 16 యూనిట్లు ఖర్చగును. మిగులు 93 యూనిట్లు. ఈ దేశపు విద్యుత్తులో ఇప్పటికిని దాదాపు నాలుగింట మూడు వంతులు బొగ్గునుండియే వచ్చుచున్నది. ఆ 93 యూనిట్లను బొగ్గుతో పుట్టించుటకు సుమారు 60 కిలోల బొగ్గు కాలవలెను. ఇచ్చటి బొగ్గులో మూడవవంతు బూడిదయే గనుక 20 కిలోల బూడిద మిగులును. పొగగొట్టమునుండి సుమారు 90 కిలోల బొగ్గుపులుసు వాయువు ఆకాశమునకు పోవును. ఒక్క బల్బు, ఒక్క సంవత్సరము, ఇంత! రామగుండము, కొత్తగూడెము, ముద్దనూరు ప్రాంతములలో థర్మల్ కేంద్రముల దాపున బూడిద చెరువుల ప్రక్క నివసించు కుటుంబములకు ఇది కాగితముమీది లెక్క కాదు. వేసవిగాలికి లేచిన ఆ బూడిద వారి వంటపాత్రలలో పడుచుండును.

కేంద్రప్రభుత్వము 2015 జనవరిలో ఆరంభించిన ఉజాలా పథకము ద్వారా 36 కోట్లకు పైగా ఎల్‌ఈడీ బల్బులు ప్రజలకు చేరినవి. టోకున కొనిన ధర 2014లో బల్బు ఒక్కింటికి 310 రూపాయలుండగా 2016 నాటికి 38 రూపాయలకు దిగినది. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును అతలాకుతలము చేసిన పిదప, ఆ నగరమున 90,000కు పైగా వీధిదీపములను ఎల్‌ఈడీలుగ మార్చిరి. నడుమ కొంతకాలము వాడుకలోనుండిన సి.ఎఫ్.ఎల్. దీపములలో పాదరసముండెడిది. పగిలినచో అది గదిలోనికి వచ్చెడిది. ఎల్‌ఈడీలో పాదరసము లేదు. ఇన్ని విధముల ఇది మేలైన దీపము. పాతదంతయు మంచిదనియు, క్రొత్తదంతయు కలిమహిమయనియు వాదించు వారి మాటను ఇచ్చట పట్టించుకొనవలసిన పనిలేదు.

ఇక మిగులు సంగతి. 93 యూనిట్లు మిగిలినవని లెక్క చెప్పుచున్నది. ఇంటిలో మిగిలినవా? పూర్వము భోజనములు కాగానే ఆర్పివేయబడు వసారా దీపము, "ఎంత, తొమ్మిది వాట్లే కదా" అను మాటతో తెల్లవార్లు వెలుగుచున్నది. మెట్లకొక వరుస, ప్రహరీకొక వరుస, దేవుని పటములచుట్టు రంగులు మార్చు తోరణమొకటి వచ్చినవి. ఒక పాతబల్బు స్థానమున ఏడు ఎల్‌ఈడీలు అన్నియే గంటలు వెలిగినచో 115 యూనిట్లగును. అనగా పూర్వపు ఖర్చునే దాటిపోవును. బొగ్గు తగ్గలేదు, బూడిద తగ్గలేదు. పైపెచ్చు ఒక బల్బునకు బదులు ఏడు బల్బుల చెత్త సిద్ధమైనది.

ఇంగ్లండు దేశమున విలియం స్టాన్లీ జెవన్స్ అను అర్థశాస్త్రవేత్త 1865లోనే ఈ సంగతిని బొగ్గు విషయమున గుర్తించెను. ఆవిరియంత్రములు తక్కువ బొగ్గుతో ఎక్కువ పని చేయుట నేర్చినకొలది దేశమున బొగ్గు వాడుక పెరిగినదని ఆయన చూపెను. పొదుపైన వస్తువు చౌక యగును. చౌకయైనది విస్తారమగును. ఇంటిదీపముల విషయమున మిగులంతయు ఈ విధముగ హరించిపోవుచున్నదని చెప్పుట అతిశయోక్తి. చాల ఇండ్లలో కొంత పోయి కొంత నిలుచుచున్నది. ఆరుబయటి దీపముల విషయమున మాత్రము సాక్ష్యము బలముగ నున్నది. 2012 మొదలు 2016 వరకు ఉపగ్రహము తీసిన చిత్రములను పరిశీలింపగా, భూమిపై రాత్రివేళ దీపములతో వెలుగు ప్రదేశము ఏటేట 2.2 శాతము పెరిగినట్లు తేలినది. ఆ ఉపగ్రహపు యంత్రమునకు నీలివెలుగు కనబడదు. ఎల్‌ఈడీల నీలిమ లెక్కలో చేరకుండగనే అంత పెరుగుదల! పిదప 2011 మొదలు 2022 వరకు ముఖ్యముగ ఐరోపా, ఉత్తర అమెరికా ఖండముల సామాన్యజనులు తమకు కనబడు నక్షత్రములను గమనించి వివరములు పంపగా, ఆకాశపు వెలుతురు ఏటికి సగటున 9.6 శాతము పెరిగినదని 2023లో ప్రకటింపబడినది. ఆ వేగము కొనసాగినచో 250 నక్షత్రములు కనబడు చోట జన్మించిన శిశువునకు 18 ఏండ్లు వచ్చునాటికి 100 మాత్రమే కనబడును.

నక్షత్రములు కనబడకున్న నేమి, కడుపు నిండునా యని అడుగువారు కలరు. వారికి చెప్పవలసినది నక్షత్రముల సంగతి కాదు, పురుగుల సంగతి. దీపము చుట్టు తిరిగి చచ్చు పురుగును కవులు మోహాంధునకు ఉపమానము చేసిరి. పాపము, ఆ పురుగునకు మోహమేమియు లేదు. వెలుగు పైననుండును, నేల క్రిందనుండును అను తరతరాల యెఱుకతో అది వెలుగువైపు వీపు త్రిప్పి ఎగురును. దీపము ప్రక్కనో క్రిందనో ఉన్నచో తలక్రిందులై, దారి తెలియక అచ్చటనే గిరగిర తిరుగును. ఈ విషయమును వేగముగ పనిచేయు కెమెరాలతో చూచి 2024లో వెల్లడించిరి. ఇంగ్లండులో 2021లో ప్రకటితమైన మరియొక పరిశోధనయందు, వీధిదీపముల వెలుగు పడు కంచెపొదలలో, చీకటి పొదలకంటె గొంగళిపురుగులు 47 శాతము తక్కువగ కనబడినవి. తెల్లని ఎల్‌ఈడీల క్రింద నష్టము పాత పసుపుపచ్చ సోడియం దీపముల క్రిందికంటె ఎక్కువ. ఆ పురుగులే పిట్ట పిల్లలకు ఆహారము. రాత్రివేళ పూచు పూలకు పరాగము మోయునవి వాని పెద్దలే.

విశాఖ తీరమున శీతకాలము మొదలు వేసవి వరకు సముద్రపు తాబేళ్లు ఇసుకలో గ్రుడ్లు పెట్టును. పిల్లలు సాధారణముగ రాత్రివేళ బయటికి వచ్చి, ఆకాశము ఎక్కువ వెలుగుగ నున్న దిక్కున సముద్రమున్నదని నమ్మి ప్రాకును. తీరపు రోడ్డుమీది దీపము సముద్రముకంటె ప్రకాశించినచో అవి రోడ్డువైపే ప్రాకి, కుక్కల పాలో చక్రముల పాలో యగును. శ్రీశైలమునకు పోవు నల్లమల అడవి దారిలో రాత్రివేళ వాహనములను ఆపివేయు నియమము కలదు. యాత్రికులు దానిని విసుగుకొనుచునే పాటింతురు. రాత్రి మృగములకు చెందినదని ప్రభుత్వము సైతము అంగీకరించిన అరుదైన చోట్లలో అదియొకటి. మనుష్యుని సంగతికి వచ్చిన, నీలివెలుగు రాత్రివేళ కంటబడినచో నిద్రకు దారితీయు మెలటోనిను శరీరమున తగ్గును. దయను ధర్మమునకు మూలముగ నెంచిన శరణుల మార్గమున నడచువారు ఈ నష్టములను వినియు "తొమ్మిది వాట్లే కదా" యని అనగలరా?

దీనికి భక్తులనుండియే గట్టి ఆక్షేపణ రాగలదు. శివునికి దీపము పెట్టుటలో లెక్క చూచుట లోభత్వము కాదా? సేక్కిళారు రచించిన పెరియపురాణమున నమినంది కథ కలదు. నూనె యడుగగా లేదని ఎగతాళి చేసినవారి యెదుట ఆయన తిరువారూరు కొలనునీటితో దీపములు వెలిగించెను. కణంపుల్ల నాయనారు కథ కలదు. గడ్డి కోసి యమ్మి నూనె కొనుచు, గడ్డి యమ్ముడుపోని దినమున ఆ గడ్డినే వెలిగించి, అదియు చాలనపుడు తన తలవెండ్రుకలను దీపమునకు అందించెను. తిరువొత్తియూరున కలియ నాయనారు గాండ్లవాడు. ఆస్తి హరించిపోగా నూనెకు బదులు తన నెత్తురు పోయుటకు కంఠమున కత్తి పెట్టుకొనెను. ఇట్టి భక్తుల వారసులు యూనిట్లు లెక్కించుచు కూర్చుందురా అని అడుగుట న్యాయమే.

అయితే ఈ మూడు కథలలోను వెలుగునకు వెల చెల్లించినవాడు ఎవడో చూడవలెను. గడ్డి కోసినవాడు ఆయనయే, కాలిన వెండ్రుకలు ఆయనవే, కత్తి మోపిన కంఠము ఆయనదే. ఆ భక్తులు పరుల సొత్తును కాల్చి దీపారాధన చేయలేదు. నేటి మఠపు గోపురముపై తెల్లవార్లు వెలుగు దీపముల వెలలో భక్తుడు ఇచ్చునది కరెంటు బిల్లు మాత్రమే. అది స్వల్పము. తక్కిన వెలను బూడిద పీల్చు పసివాడును, దారితప్పిన పురుగును, నేడు పుట్టని సంతానమును చెల్లించుచున్నారు. తనకు ఖర్చు లేదు గనుక విచ్చలవిడిగ వెలిగించుట త్యాగమగునా? కణంపుల్లనివంటి భక్తుని పేరు చెప్పి దానిని సమర్థించుట ఆ మహనీయునికి అపచారము.

ప్రసాదమును గూర్చిన వీరశైవ సంప్రదాయమును ఇచ్చట స్మరింపవలసియున్నది. లింగార్పితమైన పదార్థము ప్రసాదమగును. ప్రసాదమును పళ్లెమున మిగులనీయరాదు. నిష్ఠగల ఇండ్లలో నేటికిని పళ్లెమును కడిగి ఆ నీటినిసైతము త్రాగుదురు. తినలేనంత వడ్డించుకొని పారవేయుట ఎంత దోషమో, చూచువారెవ్వరును లేని చోట వెలుగును పారబోయుట అంత దోషమని ఒప్పుకొనుటకు క్రొత్త శాస్త్రమేదియు అక్కరలేదు. అరచేతిలోని ఇష్టలింగమును తదేకదృష్టితో దర్శించువానికి ఎంత వెలుగు కావలెను? చిన్న ప్రమిద చాలును.

ఈ మాటలు విని, అందరును దీపములు తగ్గించవలెనని తీర్మానించుట మరియొక పొరపాటు. కిరోసిను బుడ్డి పొగలో చదువుకొనిన బిడ్డయింటికి ఎల్‌ఈడీ వచ్చి, రెండు గంటల వెలుగు అయిదు గంటలైనచో జెవన్స్ లెక్క ప్రకారము అదియు వాడుక పెరుగుటయే. కాని అక్కడ పెరిగినది ఆశ కాదు, తీరని అవసరము తీరినది. కిరోసిను మసి ఊపిరితిత్తులను విడిచినది. లక్కమ్మ తిరిగి పోయించినది ఎక్కువైన బియ్యమును మాత్రమే. దాసోహమునకు చాలు బియ్యమును పోయింపలేదు. లేనివాని యింట పెరిగిన దీపమును, ఉన్నవాని ప్రహరీపై పెరిగిన దీపమును ఒకే శాతములో కలిపి చెప్పు లెక్కలు ధర్మవిచారమునకు చాలవు. కొండగూడెములలో నేటికిని సరియైన వెలుగు లేని ఇండ్లున్నవి. పట్టణపు మఠము పొదుపుచేసినది అచ్చటికి చేరగలిగినచో, అది గింజను తెచ్చినచోట పోయుటకంటె తక్కువైన పని కాదు.

కాయకమునకు సంబంధించిన విషయమొకటి మిగిలియున్నది. ఎల్‌ఈడీ బల్బు 25,000 గంటలు పనిచేయునని డబ్బాపై వ్రాయుదురు. పాతబల్బు ఆయువు వేయి గంటలు. అయినను ఎల్‌ఈడీలు రెండేండ్లకే పోవుచున్నవని గృహిణుల ఫిర్యాదు. తరచుగ పోవునది వెలుగునిచ్చు భాగము కాదు. లోపలనుండు డ్రైవరను చిన్న విద్యుత్పరికరము వేడికిని, వోల్టేజి ఒడుదొడుకులకును చెడును. గాలి చొరని గాజుబుఱ్ఱలో బిగించినచో మరింత త్వరగ చెడును. బజారులో మరమ్మతు చేయువాడు ఆ భాగమును మార్చి స్వల్పధనముతో బల్బును బ్రతికించును. చేయించుకొనువారు లేక ఆతని పని అంతరించుచున్నది. చెడిన బల్బులో రాగి, అల్యూమినియం, గాలియము కలవు. కొన్నిటి అతుకులలో సీసము కలదు. వీధికుప్పలో పడినచో అవి నేలలో చేరును. మఠపు వాకిట ఒక పెట్టె పెట్టి, ఊరివారి చెడిన బల్బులను సేకరించి, నెలకొకసారి మరమ్మతు తెలిసిన యువకునికి అప్పగించి, బాగుపడనివానిని విద్యుత్పరికరముల చెత్తను తీసికొనువారికి చేర్చినచో అది శ్రమగౌరవమును బోధించు ఉపన్యాసములకంటె మిన్న.

రాత్రి దీపములార్పుడని చెప్పగానే భద్రత మాట వచ్చును. అది కొట్టివేయదగినది కాదు. రాత్రిపని ముగించుకొని ఇంటికి వచ్చు స్త్రీకి దారిలో దీపముండవలెను. ఈ విషయమున బేరము లేదు. కాని దారిని వెలిగించు దీపము వేరు, శిఖరమును వెలిగించు దీపము వేరు. పైన మూత గలిగి క్రిందికి మాత్రమే వెలుగు పడు దీపము తక్కువ వాట్లతోనే దారిని స్పష్టముగ చూపును. మూతలేని దీపము సగము వెలుగును ఆకాశమునకు పోసి, మిగిలినదానితో కండ్లు మిరుమిట్లు గొలిపి, చాటుననున్నవానిని మరింత చాటు చేయును. బల్బు డబ్బాపై 6500కె అని యున్నచో నీలిమ ఎక్కువ. 3000కె లేక అంతకు తక్కువ యున్నచో ప్రమిదవంటి పసుపువెలుగు. ఆరుబయటికి ఇదియే తగినది.

బసవజయంతికిని, మహాశివరాత్రికిని, జాతరలకును అలంకారదీపములు వద్దనుట ఎవరికిని రుచింపదు, అవసరమును కాదు. జాగరణ జరుగు రాత్రి దీపము జాగరణకొరకే వెలుగును. మంగళహారతి ముగిసి జనులు ఇండ్లకు పోయిన పిదప తోరణము ఎవరికొరకు వెలుగవలెను? పండుగకు కట్టినవి పక్షము దినములు విప్పక వదలివేయుట పలుచోట్ల అలవాటైనది. ఈ సంగతులు మఠాధిపతులు ఒక్కమాట చెప్పినచో చక్కబడును.

పొదుపు నిజముగ జరిగినదా లేదా తెలిసికొనుటకు మార్గము సులభము. దీపములు మార్చిన పిదప వచ్చిన బిల్లులోని యూనిట్లను, ముందటి యేడు అదే నెల బిల్లులోని యూనిట్లతో పోల్చి చూడవలెను. తగ్గిన యూనిట్ల వెలను మఠపు చిట్టాలో దాసోహపు పద్దున జమకట్టవలెను. గృహస్థులైనచో ఆ మొత్తమును హుండీలో వేయవచ్చును. కొన్ని నెలలు అట్లు వ్రాయుచుండగా ఏ నెలలోనైనను ఆ పద్దున సున్న పడినచో, పెద్దలు లెక్క వ్రాయువానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఏ దీపము ఏ వేళకు ఆరుచున్నదో ఒక్కొక్కటిగ అడుగవలసియుండును.